ఉండిపోయిన పియానిస్టు

శాక్సఫోన్ వాయించేవాడు తన వాద్యాన్ని పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కేస్తాడు. ట్రంపెట్ అయితే ఒళ్ళోనే పెట్టుకోవచ్చు. డ్రమ్స్ వాయించేవాడు కనీసం తన కర్రలూ, కంచు సింబల్సూ వెంట తెచ్చుకుంటాడు. పియానిస్టుకి ఆ వీలు లేదు. వెళ్ళిన చోట ఏ పియానో ఉంటే దాని ముందు కూర్చోవాల్సిందే. మీటలు బిగుసుకుపోయినా, పై స్థాయిలో రెండు తీగలు శ్రుతి దిగినా, పెడల్ కిర్రుమన్నా ఆ రాత్రికి అదే అతని గొంతు. ఇలాంటి పని చేసేవాడు సొంత దేశం వదిలి ఇంకో ఖండంలో బతకాలనుకుంటే ఊరూరా తిరగడం కన్నా మంచి పియానో, మంచి తోడు ఉన్న చోటు ఒకటి చూసుకుని కూర్చోవడం మేలు. వచ్చేవాళ్ళు వాళ్ళే వస్తారు. కెన్నీ డ్రూ చేసింది అదేనని నా లెక్క.

ఆయన పేరు మనవైపు పెద్దగా వినపడదు. చేతులు మాత్రం జాజ్ వినేవాళ్ళందరికీ తెలిసినవే. 1957 సెప్టెంబర్ 15న జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్' రికార్డు చేసినప్పుడు పియానో మీద ఉన్నది డ్రూ. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. ముందు వరసలో కోల్ట్రేన్ శాక్సఫోన్, లీ మోర్గన్ ట్రంపెట్, కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్. ఆ రికార్డు ప్రాణమని చెప్పుకునే వాళ్ళని పట్టుకుని పియానో ఎవరిదని అడిగి చూడండి. సగం మంది తడుముకుంటారు. పక్కవాద్యం వాయించేవాడి జాతకమే అంత. నేను చాలాకాలంగా విజయవాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నవాణ్ణి కాబట్టి ఈ ఒక్క మాట కాస్త అధికారంతోనే చెబుతున్నాను. రిసెప్షన్‌లో పాడిన అమ్మాయి పేరు పెళ్ళివారికి గుర్తుంటుంది. చరణం మధ్యలో ఆ అమ్మాయి శ్రుతి జారబోతుంటే ఎవరికీ తెలియకుండా పట్టుకున్నవాడి పేరు ఆ అమ్మాయికే గుర్తుండదు.

డ్రూ 1928లో న్యూయార్క్‌లో పుట్టాడు. పాతికేళ్ళు నిండకముందే కోల్మన్ హాకిన్స్, లెస్టర్ యంగ్, చార్లీ పార్కర్ లాంటి ఉద్దండుల వెనక వాయించాడు. 1960 డిసెంబర్‌లో తన పేరు మీద 'అండర్‌కరెంట్' అనే మంచి రికార్డు చేశాడు. ఆ మరుసటి ఏడాది పారిస్ వెళ్ళిపోయాడు. 1964లో కోపెన్‌హేగెన్ చేరాడు. 1993 ఆగస్టులో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఎందుకు వెళ్ళాడన్నది ఆ తరం మొత్తానికి వర్తించే ప్రశ్న. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బులో పనిచేయాలంటే పోలీసులిచ్చే కాబరే కార్డు ఉండాలి. కేసులో ఇరుక్కుంటే కార్డు పోతుంది, దాంతోపాటే పొయ్యిమీది కుండా పోతుంది. 1951లో కార్డు పోగొట్టుకున్న థెలోనియస్ మంక్ ఆరేళ్ళపాటు సొంత ఊళ్ళో క్లబ్బు మెట్లెక్కి వాయించలేకపోయాడు. 1959 ఆగస్టులో మైల్స్ డేవిస్ తను కచేరీ చేస్తున్న క్లబ్బు బయటే, తన పేరున్న బోర్డు కిందే, సిగరెట్ కాల్చుకుంటూ నిలబడినందుకు పోలీసుల చేత తల పగలగొట్టించుకున్నాడు. అంతకు చాలా ముందు, 1945లో, బడ్ పవెల్ తలమీద పడిన లాఠీదెబ్బలు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఆధునిక జాజ్ పియానోకి చాలావరకు నడక నేర్పిన మనిషి ఆయన. ఆయనా 1959లో పారిస్ వెళ్ళి అయిదేళ్ళు ఉన్నాడు. ఫ్రాన్సిస్ పోద్రాస్ అనే అభిమాని ఇంట్లో పెట్టుకుని సాకాడు. బెర్ట్రాండ్ తవెర్నియె 1986లో తీసిన 'రౌండ్ మిడ్‌నైట్' సినిమాకి ఆ స్నేహమే ఆధారం. చిత్రమేమిటంటే, సినిమాలో కథానాయకుడు శాక్సఫోన్ వాయిస్తాడు! లెస్టర్ యంగ్ జీవితాన్ని కూడా కలిపారు కాబట్టి అలా అయిందని అంటారు, నిజమే. అయినా పియానిస్టు కథని తెరమీదికి ఎక్కించేటప్పుడు కూడా అతన్ని లేపి శాక్సఫోన్ వాడిని కూర్చోబెట్టారే అని నాకు లోపల ఒక మూల గుర్రుగానే ఉంటుంది.

ఐరోపాకి వెళ్ళిన నల్లజాతి సంగీతకారుల గురించి ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. అక్కడ గౌరవం దొరికింది, ఊపిరి ఆడింది, స్వేచ్ఛగా బతికారు. ఇందులో అబద్ధం లేదు. కానీ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఆ మనిషి ఏం పని చేశాడో ఈ కథ చెప్పదు. నాకు కావలసింది ఆ మంగళవారమే.

కోపెన్‌హేగెన్‌లో మోంమార్త్ అని ఒక జాజ్ క్లబ్బు 1959లో మొదలైంది. అమెరికా నుంచి పెద్ద పేరున్నవాళ్ళని పిలిపించేవాళ్ళు. నలుగురైదుగురు బృందం మొత్తాన్ని సముద్రం దాటించాలంటే ఖర్చు మామూలుగా ఉండదు. అందుకని ఆ పేరున్న శాక్సఫోన్ ఒక్కటే వచ్చేది. పియానో, బేస్, డ్రమ్స్ అక్కడివాళ్ళే సిద్ధంగా ఉండాలి. అలా ఉండిపోయిన పియానో డ్రూది. బేస్ మీద నీల్స్ హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడర్‌సెన్ అనే డేనిష్ కుర్రాడు. పదిహేనేళ్ళకే ఆ క్లబ్బులో వాయించడం మొదలుపెట్టాడు, పదిహేడేళ్ళకి కౌంట్ బేసీ తన బృందంలోకి రమ్మంటే రానన్నాడు. డ్రమ్స్ మీద ఎక్కువగా అలెక్స్ రియెల్, కొన్నేళ్ళు ఆల్బర్ట్ హీత్. ఎదురుగా నిలబడి వాయించేవాడు మాత్రం మారుతూ ఉండేవాడు. డెక్స్టర్ గోర్డన్, బెన్ వెబ్‌స్టర్, జానీ గ్రిఫిన్, జాకీ మక్‌లీన్, ఒక్కోసారి సోనీ రోలిన్స్.

ఈ పేర్లు వరసగా రాస్తే ఒకే బడి పిల్లల్లా కనిపిస్తారు. వెనక కూర్చుని వాయించేవాడికి మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో సముద్రం.

డెక్స్టర్‌నే తీసుకుందాం. ఆరడుగులు దాటిన మనిషి. పాట మొదలుపెట్టే ముందు ఆ పాట సాహిత్యాన్ని మైకులో నింపాదిగా, మాటల్లాగే చెప్పేవాడు. వాయించడమూ అంతే నింపాది. తాళం పడిన చోటికి వెంట్రుకవాసి వెనక దిగుతుంది ఆయన స్వరం. వినేవాళ్ళకి అది ఎంత హాయో, వెనక వాయించేవాడికి అంత గండం. ముందున్నవాడు ఆగినట్టున్నాడే అని నువ్వూ ఆగావంటే ఆయన ఇంకొంచెం వెనక్కి వెళతాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు చూసుకుంటూ పాట మొత్తం కుంటుపడుతుంది. అలాగని నువ్వు ముందుకి తోస్తే ఆయన నింపాదితనం అలసటలా వినిపిస్తుంది. చేయవలసింది ఒకటే. ఆయన్ని వింటూనే ఆయన కోసం ఆగకుండా ఉండటం. చెప్పడానికి తేలిక. కొత్తగా వచ్చిన గాయకుడు పల్లవి సాగదీస్తుంటే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి, దాన్ని ఆపుకోవడం ఎంత కష్టమో స్టేజి ఎక్కినవాళ్ళకి తెలుసు.

'వన్ ఫ్లైట్ అప్' అనే రికార్డు వినండి. 1964 జూన్ 2న పారిస్‌లో చేశారు. డెక్స్టర్, ట్రంపెట్ మీద డోనల్డ్ బర్డ్, డ్రమ్స్ మీద ఆర్ట్ టేలర్, మన డ్రూ. బేస్ వాయించిన పెడర్‌సెన్‌కి పద్దెనిమిదేళ్ళు నిండి ఆరు రోజులైంది. అందులో 'టాన్యా' అనే బర్డ్ రచన ఒక్కటే రికార్డు ఒక వైపంతా ఆక్రమిస్తుంది, పద్దెనిమిది నిమిషాలు. అంతసేపూ డ్రూ చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. అవే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) మధ్య ఊగుతూ ఉంటాడు. తక్కువ సరుకుతో ఎక్కువసేపు నడిపే పియానిస్టుకి రెండు ప్రలోభాలు ఎదురవుతాయి. విసుగొచ్చి సొంత తెలివి చూపించడం ఒకటి, నిద్రపోవడం రెండోది. డ్రూ రెండూ చేయలేదు. ఎక్కడో ఒక చోట కార్డుని అర తాళం ముందు వేస్తాడు, ఇంకోచోట అసలు వేయడు. వేయని చోట డెక్స్టర్ ఒళ్ళు విరుచుకుంటాడు. ఈ రికార్డు నేను మొదట్లో శాక్సఫోన్ కోసమే విన్నాను. ఇప్పుడు వేయని కార్డుల కోసం వింటున్నాను.

బెన్ వెబ్‌స్టర్ ఇంకో రకం. పాత తరం. డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో పేరు తెచ్చుకున్నవాడు. విషాదగీతం ఎత్తుకుంటే స్వరం కన్నా శ్వాసే ఎక్కువ వినపడుతుంది. స్వరం అయిపోయాక కూడా గాలి కాసేపు మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన గాలిలో పియానో మీట పడిందా, అంతా పాడు. 1965 జనవరిలో ఇదే క్లబ్బులో ఇద్దరూ కలిసి వాయించినవి రికార్డులుగా దొరుకుతున్నాయి. డ్రూ ఎంత ఓపిగ్గా కాసుకుని కూర్చున్నాడో వింటే తెలుస్తుంది.

జాకీ మక్‌లీన్‌తో తంటా వేరు. ఆయన ఆల్టో శాక్సఫోన్ శ్రుతి ఎప్పుడూ ఒక పిసరు ఎక్కి ఉంటుంది. అదే ఆయన గుర్తు, ఆ పులుపే ఆయన రుచి. వయొలిన్ అయితే వేలు జరిపి ఆయన దగ్గరికి వెళ్ళొచ్చు. పియానో కదలదు. అలాంటప్పుడు ఆయన ఊదుతున్న స్వరాన్నే కార్డు పైభాగంలో నొక్కితే తేడా కొట్టొచ్చినట్టు బయటపడి చెవులు గింగురుమంటాయి. ఆ స్వరాన్ని ఆయనకే వదిలేసి మిగతావి వేసుకోవాలి. మూలస్వరం ఎలాగూ బేస్ వాయిస్తుంది, దాన్నీ వదిలేయాలి. ఎడమచేతికి కార్డులోని మూడో స్వరమూ ఏడో స్వరమూ మిగులుతాయి. ఆ రెండూ చాలు, కార్డు రంగు మొత్తం వాటిలోనే ఉంది. 1972లో మోంమార్త్‌లో ఈ ఇద్దరూ చేసిన రికార్డు కాస్త గరుకుగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం.

ఇలా ఏళ్ళ తరబడి చేయడం వల్ల ఏమవుతుంది? న్యూయార్క్‌లో ఉంటే ఒకే బృందంలో, ఒకే పద్ధతిలో ఇరుక్కుపోయి ఉండేవాణ్ణనీ, కోపెన్‌హేగెన్‌లో ఉండటం వల్లే ఇన్ని రకాల వాళ్ళతో వాయించగలిగాననీ డ్రూ అభిప్రాయం. జాజ్ రాజధాని నుంచి దూరమైతే సంగీతం ఇరుకవుతుందనుకుంటాం. ఆయన విషయంలో తిరగబడింది. ఒకే కుర్చీలో కూర్చున్నవాడి దగ్గరికి లోకం విడతలు విడతలుగా వచ్చింది.

కుర్చీకి ఇంకో వైపు కూడా ఉంది. 'అండర్‌కరెంట్' తర్వాత తన పేరుతో చెప్పుకోదగ్గ రికార్డు రావడానికి డ్రూకి పన్నెండేళ్ళు పట్టింది. నీల్స్ వింతర్ అనే డేనిష్ యువకుడు 1972లో స్టీపుల్‌చేజ్ కంపెనీ పెట్టాడు. దాని తొలినాళ్ళ రికార్డుల్లో 1973 నాటి 'డువో' ఒకటి. దాదాపు అంతా పియానో, బేస్. డ్రమ్స్ లేవు. ఎదురుగా శాక్సఫోన్ కూడా లేదు. అన్నాళ్ళూ ఇతరుల వెనక పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తామే మిగిలితే ఏం మాట్లాడుకుంటారో అదీ రికార్డు. అందులో డేనిష్ జానపద గీతాలు వాయించారు. అక్కడి పిల్లలు బడిలో పాడుకునే లాంటి సాదా పాటలు. న్యూయార్క్ మనిషి వాటికి బ్లూస్ మసాలా దట్టించలేదు, మ్యూజియంలో వస్తువులా ముట్టుకోకుండా కూడా వదలలేదు. ఆ పాటల దగ్గర డ్రూ చేతుల్లో కనిపించేది మళ్ళీ పక్కవాద్య మర్యాదే. ఎదుట గాయకుడు లేకపోయినా రాగానికి చోటిచ్చి పక్కకి జరిగి కూర్చుంటాడు. ఆయన ప్రాణం పెట్టి చేసిన మెరుపు వాయిద్యం వేరే రికార్డుల్లో ఉంది, కాదనను. నాకు మాత్రం ఇదే ఎక్కువ.

స్టీపుల్‌చేజ్ తలుపు తట్టిన అమెరికా పియానిస్టులు ఇంకా ఉన్నారు. డ్యూక్ జోర్డన్ 1947లో చార్లీ పార్కర్ బృందంలో పియానో వాయించినవాడు. 'జోర్డూ' అనే ఆయన రచన వాయించని జాజ్ బృందం ఉండదు. ఆ మనిషి తర్వాత న్యూయార్క్‌లో టాక్సీ నడిపి పొట్టపోసుకున్నాడు. 1973లో కోపెన్‌హేగెన్ వచ్చి 'ఫ్లైట్ టు డెన్మార్క్' చేశాడు. అట్టమీద కోటు వేసుకుని మంచు కప్పిన చెట్ల మధ్య నిలబడి ఉంటాడు. 1978లో అక్కడే స్థిరపడ్డాడు.

హొరేస్ పార్లన్ గురించి ఒకటి రెండు మాటలతో సరిపెట్టలేను. పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడిచెయ్యి కొంత చచ్చుబడింది. పియానోలో రాగం పలికించాల్సింది కుడిచెయ్యే. ఆయన ఏం చేశాడంటే, ఎడమచేతికి రాగమూ అప్పజెప్పి, కుడిచేతిలో పనిచేసే వేళ్ళతో పొట్టిపొట్టి దెబ్బలు వేయడం నేర్చుకున్నాడు. పొడుగు పరుగులు ఉండవు. ఒకే చిన్న మాట పట్టుకుని దాన్ని బరువుగా, తిప్పితిప్పి అంటాడు. 1959లో చార్లెస్ మింగస్ 'మింగస్ ఆ ఉమ్'లో పియానో ఆయనదే. డెబ్భైల మొదట్లో డెన్మార్క్ వెళ్ళిపోయాడు. 1977లో ఆర్చీ షెప్‌తో కలిసి 'గోయిన్ హోమ్' చేశాడు. శాక్సఫోన్, పియానో మాత్రమే. ఎక్కువగా బానిసల కాలం నాటి భక్తిగీతాలు. ఆ పాటలు పుట్టిన దేశం ఒకటి, వాటిని అచ్చు వేసిన కంపెనీ ఇంకో దేశానిది. షెప్ ఏడుస్తున్నట్టూ అరుస్తున్నట్టూ వాయిస్తుంటే కింద పార్లన్ కార్డులు నేలలా ఉంటాయి. సరళంగా వాయించడం వేరు, సరళంగా తప్ప వాయించలేని చేతిని సొంత భాషగా మార్చుకోవడం వేరు. 1995లో డేనిష్ పౌరసత్వం తీసుకున్నాడు. 2017లో అక్కడే పోయాడు.

మళ్ళీ డ్రూ దగ్గరికి. ఎనభైల్లో జపాన్‌లో ఆయన రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. అమెరికాలో మాత్రం పేరు మాసిపోయింది. అక్కడి పత్రికలకి కోపెన్‌హేగెన్‌లో ఉన్నవాడు లేనివాడికిందే లెక్క. ఈ నష్టాన్ని నేను పెద్దగా పట్టించుకోను, ఆయనా పట్టించుకున్నట్టు కనపడదు. పట్టించుకోవలసిన లెక్క ఇంకోటి ఉంది. 1961లో ఆయన పారిస్ బయల్దేరేనాటికి కొడుక్కి మూడేళ్ళు. పిల్లాడు న్యూయార్క్‌లో బంధువుల దగ్గర పెరిగాడు. పియానో నేర్చుకున్నాడు. పేరు కెన్నీ డ్రూ జూనియర్. ముందు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, తర్వాత జాజ్. 1990లో జాక్సన్‌విల్‌లో జరిగే పెద్ద జాజ్ పియానో పోటీ గెలిచాడు. రెండు చేతులూ సమానంగా పరుగెత్తే ఘనమైన వాద్యం అతనిది, తండ్రి తరహా కాదు. ఒకే పేరు పెట్టుకుని, ఒకే వాద్యం పట్టుకుని, అట్లాంటిక్‌కి అటొకరు ఇటొకరు. డ్రూ ఎవరెవరికి ఎంత చోటిచ్చాడో రికార్డుల్లో వినగలం. ఇంట్లో ఖాళీ అయిన చోటు ఏ రికార్డులోనూ ఉండదు. అందుకే ఉండిపోయిన పియానిస్టు అని పేరు పెట్టానే గానీ, వెళ్ళిపోయిన తండ్రి అని పెట్టినా నన్నెవరూ తప్పుపట్టలేరు.

కోపెన్‌హేగెన్ వాళ్ళు ఆయన్ని తమ మనిషిగానే ఉంచుకున్నారు. నగరంలోని అసిస్టెన్స్ శ్మశానంలో సమాధి ఉంది. బెన్ వెబ్‌స్టర్ సమాధి కూడా అక్కడే. ఊరికి దక్షిణాన కొత్తగా వేసిన వీధులకి జాజ్ వాళ్ళ పేర్లు పెట్టారు. డెక్స్టర్‌కి ఒక వీధి, వెబ్‌స్టర్‌కి ఒకటి, డ్రూకి ఒకటి. ముందు నిలబడినవాడికీ వెనక కూర్చున్నవాడికీ సమానంగా వీధులు పంచిన మున్సిపాలిటీని నేను మెచ్చుకోకుండా ఉండలేను.

ఈ మధ్య నా సాధన ఎలా మారిందంటే, 'టాన్యా' పెట్టుకుని దానితోపాటు వాయిస్తున్నాను. మూలస్వరం తీసేసి, ఎడమచేత్తో రెండే స్వరాలు పెట్టి, శాక్సఫోన్ ఆగేదాకా నోరు మూసుకుని కూర్చోవడం. కీబోర్డులో ఇది మరీ కష్టం. స్ట్రింగ్స్ సౌండ్ పెట్టి మీట నొక్కి పట్టుకుంటే ఎంతసేపైనా మోగుతూనే ఉంటుంది కాబట్టి మా అందరికీ ఖాళీలన్నీ పూడ్చే అలవాటు పట్టుకుంది. పోయిన నెల ఒక రిసెప్షన్‌లో ఈ పద్ధతి ప్రయత్నించి చూశాను. ఒక పాత మెలొడీ. అబ్బాయి బాగానే పాడుతున్నాడు. చరణంలో అతను ఊపిరి తీసుకునే చోట నేను చేతులు పైకెత్తి ఆగాను. బేస్ గిటారు ఒక్కటే నడిచింది. ఎంత బావుందో! పాట అయ్యాక అబ్బాయి వెనక్కి వంగి, "ఏం మాస్టారూ, చెయ్యి నొప్పా?" అన్నాడు. అప్పుడే ప్రోగ్రాం ఒప్పుకున్నాయన కూడా స్టేజి పక్కకి వచ్చి కీబోర్డు వైరు ఊడిందేమోనని వంగి చూసుకుంటున్నాడు. రెండో పాటకి పది వేళ్ళూ దించాను. బ్యాలెన్స్ డబ్బులు ఆయన ఇంకా ఇవ్వాల్సి ఉంది మరి.